తుపాకీ లేని బాతుల వేట

చెరువులో మట్టి కుండలు తేలుతున్నాయి. మొదటిరోజు బాతులు బెదిరి దూరంగా జరిగాయి. రెండోరోజు కాస్త దగ్గరికొచ్చాయి. నాలుగోరోజుకల్లా కుండల మధ్యే ఈదుతున్నాయి. ఆ తర్వాత ఓ ఉదయం వాటిలో ఒక కుండ మెల్లగా కదిలింది... దాని కింద మనిషి తల ఉంది! కుండకు పెట్టిన చిల్లుల్లోంచి చూస్తూ మెడలోతు నీళ్లలో నడిచి వచ్చి, ఒక్కో బాతునీ కాళ్లు పట్టి చప్పుడు కాకుండా కిందకి లాగేస్తాడతను. పక్కనున్న బాతుకైనా తెలియదు.

మన దేశంలో బాతుల వేట గురించిన పాత రాతల్లో తరచూ కనిపించే ఉపాయమిది. తుపాకీ అక్కర్లేదు. కావాల్సిందల్లా ఓపిక, బాతు గుణం తెలిసి ఉండటం. ఆ రెండూ ఎలా వస్తాయి? రోజుల తరబడి ఒడ్డున కూర్చుని చూస్తేనే!

ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి ఉన్న పినపాక లాంటి చోట ఆ చదువుకు బడి వెతుక్కోనక్కర్లేదు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ మండలం కోయ పల్లెల సీమ. అడవిలో జాడ చూడటం, గాలివాటం కనిపెట్టడం తాతల నుంచి వచ్చిన విద్య. ఇక్కడి కుర్రాడెవరైనా ఇవాళ బాతుల వేట నేర్చుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. కానీ వేటగాడు నేర్చుకునే పాఠాల్లో ఆఖరిది తప్ప మిగతావన్నీ ఇప్పటికీ పనికొచ్చేవే.

మొదటి పాఠం... కదలకపోవడం

వలస బాతులు అక్టోబరు నుంచి వస్తాయి, మార్చికల్లా వెనుదిరుగుతాయి. చూడ్డానికి మంచి వేళ తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకే ముందు. బాతు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు. రంగులూ బాగా తెలుస్తాయి. అందుకే తెల్లచొక్కా, ఎర్రకండువా పనికిరావు. మట్టిరంగో ఆకురంగో వేసుకోవాలి. సూర్యుణ్ని వీపు వెనక ఉంచుకుంటే పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. గట్టు మీద నిలబడితే ఆకాశం నేపథ్యంలో మనిషి ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొదచాటున కూర్చుంటే, బెదిరిపోయిన గుంపు కూడా కాసేపటికి తిరిగి రావచ్చు. బాతులు సాధారణంగా గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి ఎటు వీస్తోందో తెలిస్తే ఎటువైపు నుంచి వాలతాయో ముందే ఊహించొచ్చు.

నీళ్లలో ఉన్నదల్లా బాతు కాదన్నది రెండో పాఠం. ఒళ్లంతా నలుపు, ముక్కూ నుదురూ తెలుపైతే అది బొల్లికోడి. మునిగి లేచి, రెక్కలు చాచి ఆరబెట్టుకునేది నీటికాకి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ రెంటి దగ్గరే.

ఇక బాతుల్లోనే రెండు తీరులున్నాయి. తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి మేసేవి ఒక రకం. బెదిరితే ఇవి నీటి మీంచి నిట్టనిలువుగా లేస్తాయి. పూర్తిగా మునిగి మేత వెతుక్కునేవి రెండో రకం. ఇవి లేవాలంటే నీటి మీద కొంతదూరం పరుగు తీయాలి. పేరు తెలియకపోయినా, లేచే తీరు చూస్తే సగం గుర్తుపట్టినట్టే. సూదిలాంటి తోక, పారలాంటి ముక్కు, కంటి మీద తెల్లటి గీత వంటి గుర్తులు ఆ తర్వాత సులువుగా పట్టుబడతాయి. ఒక్క చిక్కుంది. చలికాలం మొదట్లో చాలా జాతుల్లో మగవి కూడా ఆడవాటిలా మట్టిరంగులోనే ఉంటాయి. వాటి అసలు సింగారం చూడాలంటే కొన్నాళ్లు ఆగాలి.

చెట్టెక్కే బాతులు

అన్ని బాతులూ పరాయి దేశాల చుట్టాలు కావు. ముక్కు కొసన పసుపు చుక్క ఉండే బాతు ఏడాది పొడవునా మన చెరువుల్లోనే ఉంటుంది. సాయంత్రాలు వరిమళ్ల మీదుగా ఈల వేసుకుంటూ పోయేది ఎర్ర చిలువ. మగదాని ముక్కు మీద పెద్ద బుడిపె ఉంటే అది జుట్టు చిలువ. చిలువలు చెట్టు తొర్రల్లోనూ గుడ్లు పెడతాయి. గుప్పెడంత ఉండే చిట్టి కాటన్ టీల్‌ బాతుదీ అదే పద్ధతి. తొర్రలో పిగిలిన పిల్లలు రెక్కలు రాకముందే కిందకి దూకి తల్లి వెంట నీళ్లకి చేరతాయి. అంటే ఈ జాతులకు చెరువు ఒక్కటే చాలదు, పక్కన ముసలి చెట్లూ కావాలి. అడవీ నీరూ కలిసే చోటు విలువ అదే.

పెద్ద నదుల ఇసుక తిన్నెల మీద చలికాలంలో కనిపించే కాషాయరంగు బాతును పాతకాలం తెలుగువాళ్లు బాపన బాతు అన్నారు. కవుల జక్కవ, చక్రవాకం అదే! రాత్రయితే జంట విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని చెప్పుకునే పక్షి ఇదే. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల మీద రెండు నల్ల పట్టీలు ఉంటే అది బార్‌ హెడెడ్ గూస్. మంగోలియా, టిబెట్ ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి మరీ తేల్చారు. మంగోలియాలో మెడపట్టీ వేసిన పక్షులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. అంత దూరం వచ్చిన అతిథి ఓ పూట కూరగా మారితే నష్టం ఒక్క ఊరిది కాదు.

ఒక్కరోజులో 4,273

ఒకప్పుడు ఈ వేట దొరల వేడుక. 1938లో భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చింది. గులాబీరంగు తల బాతును 1949 తర్వాత ప్రకృతిలో నమ్మకంగా చూసినవాళ్లు లేరు. చిత్తడినేలలు పొలాలైపోవడం, వేట... రెండూ దాని ఉసురు తీశాయి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సు తీసుకుని కొన్ని పక్షుల్ని వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు అడవి బాతును కొడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలో అయితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. వల వేసినా, మందు పెట్టినా వేటే. మాంసం దగ్గర ఉంచుకున్నా నేరమే. పెంపుడు బాతులకు ఇది వర్తించదు.

గిరిజనులకు దీన్లో ఓ బాధ ఉంది. కోయల భూమి పండుగలో వేటకు చోటుంది. పోడుభూమికీ, తునికాకు వంటి అటవీ ఫలసాయానికీ హక్కిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం, సంప్రదాయ వేటను మాత్రం మినహాయించింది. వేల పక్షుల్ని కాల్చింది దొరలు. నిషేధం మాత్రం ఆకలికి ఒకటో రెండో కొట్టుకున్నవారికీ వర్తించింది. ఇంతకాలం సంపాదించుకున్న అడవి విద్య ఏమైపోవాలన్నదే అసలు ప్రశ్న.

వేటగాడే కాపలాదారు

ఆ ప్రశ్నకు ఒడిశాలో జవాబు దొరికింది. చిలికా సరస్సు ఒడ్డున మంగళజోడి అని ఓ ఊరుంది. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుమోసింది. 2000 సంవత్సరంలో అక్కడి వేటగాళ్లే మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడ్డారు. పక్షి ఎక్కడ మేస్తుందో, ఎప్పుడు లేస్తుందో వాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు? ఇప్పుడు పడవల్లో సందర్శకుల్ని తీసుకెళ్లి అవే పక్షుల్ని చూపించి సంపాదించుకుంటున్నారు.

పక్షి శాస్త్రానికి పెద్దదిక్కయిన సలీం అలీ కథా తుపాకీతోనే మొదలైంది. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ చూసి, అదేం పక్షో తెలుసుకోవాలనుకున్నారు. ఆ కుతూహలమే ఆయన్ను పక్షుల దారి పట్టించింది. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల్ని లెక్కగట్టిందీ ఆయనే.

పినపాక పిల్లలకూ ఆ దారి తెరిచే ఉంది. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం ఉంది, దాని చుట్టూ 1977 నుంచి అభయారణ్యం ఉంది. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మన ఉపఖండంలో 1987లో మొదలైన ఈ పనిలో మామూలు జనమే స్వచ్ఛందంగా పాల్గొంటారు. ‘ఈబర్డ్’ అనే ఉచిత యాప్‌లో చూసిన పక్షుల వివరాలు ఎవరైనా నమోదు చేయొచ్చు.

మొదలుపెట్టేవారికి...

* ఓ నోటు పుస్తకం, పెన్సిలు చాలు. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 రకం కొత్తవారికి అనువుగా ఉంటుంది.
* ఒకే చెరువుకి వారం వారం వెళ్లండి. పది చెరువులు ఒకసారి చూడటం కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది.
* తేదీ, వేళ, ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి... ఈ నాలుగూ రాసుకోండి.
* గూడు దగ్గరికి వెళ్లొద్దు. గుంపును కావాలని లేపొద్దు.
* చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు. పశువైద్యులకో అటవీ సిబ్బందికో చెప్పండి.
* ఊళ్లో వేట తెలిసిన పెద్దాయన ఉంటే వెంట తీసుకెళ్లండి. ఏ పుస్తకంలోనూ లేని సంగతులు ఆయన దగ్గర ఉంటాయి. ఆయన చెప్పే పక్షి పేర్లు కూడా రాసుకోండి. రాయకపోతే అవి ఆయనతోనే పోతాయి.