శీతాకాలంలో మంచు గుడ్లగూబల వీక్షణ

మంచు గుడ్లగూబ (శాస్త్రీయ నామం: బ్యూబో స్కాండియాకస్) ఉత్తర ధ్రువ ప్రాంతంలోని టండ్రా మైదానాలలో గూడు పెట్టే పెద్ద తెల్లని పక్షి. శీతాకాలంలో వీటిలో కొన్ని దక్షిణ కెనడాకు, అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగానికి వలస వస్తాయి. సముద్రతీరపు ఇసుక దిబ్బలు, కోత ముగిసిన పొలాలు, విమానాశ్రయాల వంటి చెట్లు లేని చోట్ల పగటిపూట నేలమీదనే కూర్చుంటాయి. సాధారణంగా గుడ్లగూబ ఇంత బాహాటంగా కనిపించదు కనుక వీటిని చూడడానికి, ఫొటోలు తీయడానికి జనం పెద్ద సంఖ్యలో చేరుతారు. హ్యారీ పాటర్ కథలలోని హెడ్విగ్ ఈ జాతి పక్షియే కావడం కూడా ఈ ఆకర్షణకు కొంత కారణం. ఐయుసిఎన్ సంస్థ 2017లో దీనిని హాని పొందగల జాతుల జాబితాలో చేర్చింది. లక్షలలో ఉంటాయనుకున్న పెద్ద పక్షుల సంఖ్య సుమారు 28,000 మాత్రమేనని ఆ సందర్భంలో అంచనా వేశారు.

వలస

ఈ పక్షుల సంతానోత్పత్తి లెమ్మింగులు అనే చిన్న ఎలుక జాతి జంతువులపై ఆధారపడి ఉంటుంది. లెమ్మింగులు విస్తారంగా ఉన్న వేసవిలో ఒక్కొక్క గూటిలో ఏడెనిమిది గుడ్లు, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా ఉంటాయి. అవి కరువైన ఏడాది అసలు గుడ్లే పెట్టకపోవచ్చు. మంచి ఏడాది తరువాతి శీతాకాలంలో పిల్ల పక్షులు వెల్లువలా దక్షిణానికి వస్తాయి. 2013-14లో వచ్చిన వెల్లువ కొన్ని దశాబ్దాలలోకెల్లా పెద్దది. అప్పుడు ఫ్లోరిడా, బెర్ముడాలలో కూడా ఈ పక్షులు కనిపించాయి.

ఇవి ఆకలితో మాడి దక్షిణానికి వస్తాయని చాలాకాలం నమ్మేవారు. 2013 చివర మొదలైన ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ పరిశోధకులు పక్షులను పట్టి తూచి, వీపున జాడ తెలిపే పరికరాలను అమర్చి గమనించగా, అత్యధికం పుష్టిగానే ఉన్నట్లు తేలింది. అయితే వీటిలో చాలావరకు తొలి శీతాకాలం గడుపుతున్న పిల్ల పక్షులు. వాహనాలు, కరెంటు తీగలు, ఎలుకల మందు తిన్న ఎలుకలు వీటికి కొత్త. పుష్టిగా వచ్చిన పక్షి కూడా వీటివలన చనిపోతుంది.

కదలని పక్షి

చూడవచ్చినవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మనుషులు దగ్గరికి వచ్చినా గుడ్లగూబ కదలకపోతే అది మచ్చికైనదని, భయం లేనిదని అనుకుంటారు. నిజానికి అది విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. శీతాకాలంలో ఎక్కువ వేట సాయంసంధ్య నుండి రాత్రివరకు సాగుతుంది. నిశ్చింతగా ఉన్న పక్షి కళ్ళు సగం మూసుకొని ఒదిగి కూర్చుంటుంది. కళ్ళు పూర్తిగా తెరిచి మనిషివైపే చూస్తున్నా, నిటారుగా లేచినా, ముందుకు వంగినా అది ఎగరడానికి సిద్ధమవుతున్నదని తెలుసుకోవాలి. అప్పటికే మనం దగ్గరికి వచ్చేసినట్లే. ఇన్ని మీటర్ల దూరం చాలునని చెప్పడం కష్టం. ఒక్కొక్క పక్షి ఓర్పు ఒక్కొక్క విధంగా ఉంటుంది.

ఒకసారి ఎగిరితే నష్టమేమిటి అనిపించవచ్చు. కానీ వచ్చిన ప్రతివాడూ ఒక్కసారే లేపినా, ఆ పక్షి రోజుకు ఇరవైసార్లు ఎగరవలసి వస్తుంది. చలిలో దాచుకోవలసిన శక్తి ఖర్చయిపోతుంది. పైగా పగటివేళ ఎగిరే గుడ్లగూబను కాకులు, గల్ పక్షులు, డేగలు చుట్టుముట్టి తరుముతాయి. బ్రిటిష్ కొలంబియాలోని బౌండరీ బే తీరానికి 2011-12 శీతాకాలంలో ఈ పక్షులు చాలా వచ్చినప్పుడు, కొందరు ఫొటోగ్రాఫర్లు కట్టమీద బాట విడిచి బురద గడ్డిలోకి దిగి వాటిని మాటిమాటికీ లేపడం పెద్ద వివాదమైంది. కట్టమీదనుండి టెలిస్కోపుతో చక్కగా కనిపించే పక్షులవి.

2021 జనవరి 27న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక మంచు గుడ్లగూబ దిగింది. అక్కడ 1890 తరువాత ఇదే మొదటిది. వార్త ఇంటర్నెట్లో వ్యాపించి గంటలలో జనం గుమిగూడగా, పార్కు సిబ్బంది వారిని దూరంగా నిలిపి ఉంచారు. అటువంటి ఏర్పాటు లేనిచోట పక్షి ఉన్న స్థలాన్ని వెంటనే చాటకపోవడం మేలు.

ఎర వేయడం

పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఎలుకలను విసిరి, వాటిపైకి దూకే గుడ్లగూబను ఫొటో తీయడం కొందరికి అలవాటు. రోడ్డు పక్కన ఎర వేస్తే పక్షి రోడ్డుకే అలవాటుపడి వాహనాల కింద పడుతుంది. మనిషి అంటే తిండి అని నేర్చుకోవడం కూడా దానికి ప్రమాదమే. నేషనల్ ఆడబన్ సొసైటీ ఫొటో మార్గదర్శకాలు ఈ పద్ధతిని తిరస్కరిస్తున్నాయి.

విమానాశ్రయాలలో

చదునైన విమానాశ్రయాలు టండ్రాను పోలి ఉండడంతో ఈ పక్షులు అక్కడ దిగుతాయి. 2013 డిసెంబరులో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో మూడింటిని కాల్చివేయగా నిరసనలు వచ్చాయి. తరువాత పట్టి వేరేచోట వదిలే పద్ధతికి మారారు. బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో నార్మన్ స్మిత్ 1981 నుండి ఈ విధంగా వందలాది పక్షులను తరలించారు.

భారతదేశంలో

మంచు గుడ్లగూబ తెలుగు రాష్ట్రాలకు రాదు. కానీ పొట్టి చెవుల గుడ్లగూబ (ఏసియో ఫ్లామియస్) శీతాకాలంలో భారతదేశపు గడ్డి మైదానాలకు వలస వస్తుంది. ఇది కూడా పగలు నేలమీద, గడ్డి దుబ్బుల మధ్య పడుకుంటుంది. బాట విడిచి గడ్డిలో జీపు నడిపితే ఇది చప్పున లేస్తుంది. గడ్డి రంగులో కలిసిపోయి ఉంటుంది కనుక లేచేవరకు అక్కడ పక్షి ఉన్నదని నడిపేవారికి తెలియదు.