ఇల్లు కదిలే ముందు ఫోను చూడండి

మృగశిర కార్తె వచ్చిందంటే రైతుకు చేతులు ఆగవు. రెండు వానలు పడి పక్క చేనాయన అచ్చు తోలితే మనమూ తోలాల్సిందే. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులకు పోతూ రెండెకరాల ఎవుసం చేసుకునే వారికైతే తొందర మరీ ఎక్కువ. సెలవు దొరికిన రోజే విత్తే రోజు. ఆ తర్వాత పది రోజులు వాన మొహం చాటేస్తే మొలకలు మాడిపోతయి. పత్తి ప్యాకెట్లు మళ్లీ కొనాలి, కూలీలను మళ్లీ పిలవాలి. ఈ నష్టాన్ని కొంతైనా తప్పించే పనిముట్టు మీ జేబులోనే ఉంది. వీడియోలు చూసినంతగా ఆ ఫోనును పొలానికి వాడటం లేదంతే.

బొంబాయి రోడ్డు మీద పోతూ పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ గేటు చూడని వారు మనలో ఉండరు. 1972లో ఏర్పాటైన ఈ పరిశోధన సంస్థ 2016 ఖరీఫ్‌లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులతో ఒక ప్రయత్నం చేసింది. పంట వేరుశనగ. ఏళ్లనాటి వాన లెక్కలను, ఆ ఏటి వాతావరణ అంచనాలను కంప్యూటరుకు ఇచ్చి, ఎప్పుడు విత్తాలో లెక్కగట్టి రైతులకు తెలుగులో మెసేజ్ పంపారు. దానికి స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. జూన్ మొదటి వారంలో విత్తడం అక్కడి అలవాటు. మెసేజ్ మాత్రం ఆగమంది. జూన్ చివరి వారంలో, అంటే ఆరుద్ర కార్తె వచ్చాక విత్తమంది. పక్క చేన్లలో గొర్రు నడుస్తుంటే గట్టు మీద కూర్చోవడానికి ఎంత గుండె కావాలో రైతుకే తెలుసు. ఆగిన వారికి దిగుబడి సగటున 30 శాతం దాకా ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది.

ఆ మెసేజ్ మనకు రాదు కదా అంటారా? వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్ 2019లో వచ్చింది. తెలుగులోనే చూడవచ్చు. భాష, జిల్లా ఒకసారి ఎంచుకుంటే రాబోయే అయిదు రోజుల వాన, గాలి, ఎండ వివరాలు, పంట సలహాలు కనబడతాయి. మొదటి రెండు రోజుల అంచనా మీద ఉన్నంత నమ్మకం అయిదో రోజు మీద పెట్టుకోవద్దు. గాలి వేగం కూడా చూడండి. మందు కొట్టే రోజును దాన్నిబట్టి పెట్టుకుంటే డబ్బా ఖర్చు వృథా కాదు.

అయితే యాప్ చెప్పేది జిల్లాకో మండలానికో. మన చెల్క తడిసిందో లేదో దానికి తెలియదు. ఒక చెల్క తడిసి పక్కది ఎండటం మనం చూస్తూనే ఉన్నాం. అందుకని అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసునో డబ్బానో చెట్టు నీడ, చూరు నీళ్లు పడని చోట బయట పెట్టండి. వాన వెలిసిన వెంటనే పిల్లల స్కేలుతో నీళ్ల లోతు కొలవండి. ఒక సెంటీమీటరు లోతుంటే 10 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. తారీఖుతో ఫోనులో రాసుకోండి. వర్షాధారపు పత్తిని తేలిక నేలల్లో 50 నుంచి 60, నల్లరేగళ్లలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే వేయాలని శాస్త్రవేత్తలు చెబుతారు. ఈ లెక్క మీ చేతిలో ఉంటే పక్కాయన్ను చూసి విత్తాల్సిన పని లేదు.

పంట అమ్మే నాడూ అంతే. బండి కట్టక ముందే ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ ధరలు చూడండి. అందులో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలుంటాయి. అందరి కళ్లూ గరిష్ఠం మీదికే పోతయి, అది ఏ ఒకరిద్దరికో దక్కిన ధర. ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర మోడల్ ధర. మీరు ఆశించాల్సింది దాన్నే. పక్కనున్న తారీఖు కూడా చూడాలి, నిన్నటిదో మొన్నటిదో కావచ్చు.

పత్తి రైతులకు 2025 సెప్టెంబరులో కపాస్ కిసాన్ యాప్ వచ్చింది. సీసీఐకి అమ్మాలంటే అందులో పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాలి. ఫోను రాని వారిని ఇది చాలా ఇబ్బంది పెట్టింది, ఆ మాట దాచక్కర్లేదు. నమోదుకు కొడుకు నంబరు ఇస్తే, ఓటీపీ వచ్చే వేళకు ఆయన షిఫ్టులో ఉంటాడు. ఇంటి దగ్గర ఉండే మనిషి నంబరే ఇవ్వండి. స్లాటు దొరికినా తేమ 12 శాతం దాటితే కొనరు, 8 శాతం లోపుంటేనే పూర్తి ధర. ఆరబెట్టే రోజులు లెక్క వేసుకునే స్లాటు పెట్టుకోండి.

గజాల లెక్కన భూములు అమ్ముడుపోయే ప్రాంతం మనది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. తహసీల్దారు ఆఫీసుకు పోయి ఒక రోజు కూలి పోగొట్టుకునే ముందు సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు అందులో చూసుకోండి. గుంటల్లో తేడా కనబడితే ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. పాసుబుక్కు, విత్తనాల బిల్లు, ప్యాకెట్ మీది లేబుల్ ఫోటోలను వాట్సాప్‌లో మీ నంబరుకు మీరే పంపుకుంటే, కావాల్సిన నాడు వెతుకులాట ఉండదు. విత్తనం మొలవకపోతే అడిగేది ఆ బిల్లే.

పీఎం కిసాన్, రైతు భరోసా పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. అది తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదముంది. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. పొరపాటున డబ్బు పోతే తెల్లారేదాకా చూడక అప్పుడే 1930కి ఫోను చేయాలి.

ఇదంతా చదవడం కష్టమనుకునే పెద్దలు, బటన్ల ఫోను ఉన్నవారు కిసాన్ కాల్ సెంటరుకు మాట్లాడవచ్చు. 2004 నుంచి నడుస్తోంది, తెలుగులో జవాబు చెబుతారు, కాల్‌కు పైసా ఖర్చు లేదు. నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పలుకుతారు కాబట్టి షిఫ్టు దిగి వచ్చాక చేసినా సరే. చేనులో నిలబడి, ఆకు చేతిలో పట్టుకుని చేస్తే ఇంకా మంచిది. మచ్చ ఏ రంగుందో, పురుగు ఆకు కిందుందో పైనుందో వాళ్లడిగితే చూసి చెప్పవచ్చు.