ఖాళీ ప్లాటులో చిన్న మంట

మా వీధి చివర ఖాళీ ప్లాటుంది. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో ఇలాంటిదొకటి ఉంటుంది. రాత్రి పడేసిన చెత్తకి తెల్లవారుజామున ఎవరో నిప్పు పెడతారు. "చిన్న మంటే కదండీ, కాసేపట్లో ఆరిపోతుంది" అంటారు పక్కింటివాళ్లు. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నాకు ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

కూరగాయ తొక్కలు, పాల ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు, డైపర్లు, తెగిన వైరు ముక్కలు... ఆ కుప్ప నిండా ఇవే. తడి ఉన్న చెత్త భగ్గున మండదు, గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. సరిగ్గా కాలకపోతేనే మసి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తాయి. వైరు తొడుగులోని పీవీసీ కాలితే గొంతు మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, క్యాన్సర్ తెచ్చే డయాక్సిన్లూ పుడతాయి. చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లలో కొలిమి వేడి 850 డిగ్రీలకు తగ్గకూడదనీ, పొగను శుద్ధి చేశాకే వదలాలనీ అంటారు. వీధి మంటకి ఆ వేడీ లేదు, ఆ శుద్ధీ లేదు.

పైగా చలికాలం తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైది వెచ్చగా ఉంటుంది. పొగ పైకి లేవదు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది. అందులోని సన్నటి కణాలు, అంటే పీఎం 2.5, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తులు దాటి రక్తంలోకి పోగలవు. వాటికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. కానీ జరిమానా ఎవరి మీద వేస్తారు? రాలిన ఆకులకి నిప్పు పెడుతున్న ఊడ్చే ఆమెను అడిగాను. "చెత్త బండి రాలేదమ్మా. కుప్ప గిట్లనే ఉంటే సార్ ఊకుంటడా?" అంది. తప్పు ఆమెది కాదు. తడీ పొడీ కలిపి ప్లాటులోకి విసిరే మనది, బండి పంపనివాళ్లది.

ఆకులు ఎరువయ్యే సరుకు. ఎరువు గుంత ఎక్కడ తవ్వుదామో మీ కాలనీ సంఘాన్ని అడగండి. చలి ముదరక ముందే అడగండి.