జాడీ జాతకం

ఊరగాయ వ్యాపారమంటే కొద్ది రోజుల్లో డబ్బంతా గుమ్మరించి, ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా ఏరుకోవడం. గుంటూరు యార్డుకు కొత్త మిరప వేసవి ముందే ముమ్మరంగా వస్తుంది, ఆవకాయకు పనికొచ్చే పుల్లటి కాయ కొన్ని వారాలే దొరుకుతుంది. ఆలోపే కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె కొని, కలిపి డ్రమ్ములకెత్తాలి. ఆ పెట్టుబడి సీసా సీసాగా తిరిగి వచ్చేసరికి మళ్లీ వేసవి వస్తుంది. ఇలాంటి చిన్న తయారీదారులకు డిజిటల్ సలహా ఇచ్చేవాళ్లు మొట్టమొదట చూపించేది ఆర్డర్లు తెచ్చే యాప్‌నే. అక్కడే తప్పటడుగు పడుతోంది. ముందు ఫోనులోకి ఎక్కాల్సింది సరుకు లెక్క: ఏ బస్తా ఎక్కడినుంచి వచ్చింది, ఏ డ్రమ్ములో పడింది, ఏ సీసాగా ఎవరింటికి చేరింది.

2024 ఏప్రిల్‌లో ఇథిలిన్ ఆక్సైడ్ అనే రసాయనం కారణంగా హాంకాంగ్, సింగపూర్ మన దేశపు పేరున్న మసాలాలు కొన్నింటిని నిలిపేశాయి. పెద్ద కంపెనీలు అలాంటి దెబ్బను తట్టుకోగలవు. చిన్న తయారీదారు మాటేమిటి? నలభై డ్రమ్ముల ఊరగాయ పెట్టారనుకుందాం. ఒక మిల్లు నుంచి వచ్చిన ఆవపిండి చెడ్డదని తర్వాత తేలింది. అది పడిన డ్రమ్ములు ఆరేనని చూపించే ఆధారం ఉంటే ఆరింటితో పోతుంది. లేకపోతే నలభై డ్రమ్ములనూ అనుమానించాల్సిందే, ఆ ఏడాది పెట్టుబడి గల్లంతే. ఆ ఆధారం మొదట దొరికేది బస్తా మూతికి కుట్టిన చీటీలో. మిల్లు పేరు, లాట్ నంబరు, తేదీ సాధారణంగా అందులోనే ఉంటాయి. కుట్టు విప్పగానే దారంతో పాటు అదీ చెత్తలోకి పోతుంది. విప్పేముందు ఫొటో తీసి, డ్రమ్ము నంబరు జతచేసి పెట్టుకుంటే సగం పని అయినట్టే. ఇంకో విచిత్రం: 2016లో కేంద్రం ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో చేరిన నిజామాబాద్ లాంటి మార్కెట్లలో సరుకు గేటు దాటగానే లాట్ నంబరు పడుతుంది. ఆ జాడ మిల్లులో పొడి అయ్యేలోపే మాసిపోతుంది. సీసా మీద బ్యాచ్ నంబరు వేయాలని చట్టం చెబుతోంది. మొదటా చివరా నంబర్లున్నాయి, మధ్యలోనే జాడ తెగిపోయింది.

బాకీల దగ్గరా ఇదే లెక్క అక్కరకొస్తుంది. కేంద్రం నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. సరుకు ఏ తేదీన ముట్టిందో రుజువు లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితం.

‘ఇంట్లో నలుగురం, నోటి లెక్క చాలు’ అనేవాళ్లున్నారు. సరుకంతా ఒక్క కొట్లో తెచ్చుకున్నంతకాలం అది నిజమే. మిల్లులు మూడైనప్పుడు, రేటు వారానికోసారి మారినప్పుడు ఎంతటి జ్ఞాపకమైనా తడబడుతుంది. ఖర్చు మాటకొస్తే, ఫొటోలకు, చిన్న పట్టికకు చేతిలోని ఫోను చాలు. సూక్ష్మ ఆహార తయారీ సంస్థల కోసం 2020లో మొదలైన కేంద్ర పీఎంఎఫ్‌ఎంఈ పథకం 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇస్తోంది. అది ప్రధానంగా యంత్రాలకే పోతోంది. గ్రైండర్ కొనిచ్చినంత శ్రద్ధతో, తెలుగులో సరుకు లెక్క రాయడం నేర్పడానికీ ఆ డబ్బులో వాటా ఉండాలి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. లెక్కంతా యాప్‌లోకి వెళ్తే, ఏ ఊళ్లో ఏ పచ్చడికి గిరాకీ ఉందో ప్లాట్‌ఫామ్‌కు తెలిసిపోతుంది. రేపు అదే సొంత బ్రాండుతో దిగవచ్చు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2021 డిసెంబరులో ఏర్పడిన ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ ఒకే యాప్ పెత్తనాన్ని తగ్గించగలదు, కానీ దానిలో చేరినంత మాత్రాన మన చిట్టా మన చేతికి రాదు. అందుకే సరుకు లెక్క సొంత ఫోనులో, మహిళా సంఘాలైతే తమ ఉమ్మడి ఖాతాలో ఉండాలి. యాప్‌కు చెప్పాల్సింది ఎన్ని సీసాలు సిద్ధంగా ఉన్నాయన్నంతవరకే. ఏ మిల్లులో ఎంతకు కొన్నారన్నది దానికి అక్కర్లేదు. ఒప్పందంలో ఆ వివరాలు అడిగితే సంతకం పెట్టకూడదు.