కీర్తన వింటే తెలివి పెరుగుతుందా?

ప్రశ్న: మేం ఇల్లినాయ్‌లోని అరోరాలో ఉంటాం. ఇక్కడి బాలాజీ గుడిలో కలిసే పెద్దవాళ్ళు, పిల్లలకు రోజూ త్యాగరాజ కీర్తనలు వినిపిస్తే బుర్ర చురుగ్గా పనిచేస్తుందంటారు. నిజమేనా?

జవాబు: వింటే మనసు తేలికపడుతుంది, కాసేపు హుషారూ వస్తుంది. తెలివి మాత్రం విన్నంతమాత్రాన పెరగదు.

సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న నమ్మకం ఎందుకు వచ్చింది?

1993లో కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ రౌషర్ బృందం 36 మంది కాలేజీ విద్యార్థులకు 10 నిమిషాలు పాశ్చాత్య సంగీతకర్త మొజార్ట్ సొనాటా (వాద్యకృతి) వినిపించింది. వెంటనే పెట్టిన పరీక్షలో, మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడంలాంటివి వాళ్ళు బాగా చేశారు. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. పైగా అందులో పసిపిల్లలే లేరు. అయినా 1998లో జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామన్నారు.

మరి ఆ కాసేపైనా పరీక్ష ఎందుకు బాగా చేశారు?

దీనికి కెనడాలో గ్లెన్ షెలెన్‌బర్గ్ జవాబు వెతికారు. 1999 నాటి ప్రయోగంలో కొందరికి మొజార్ట్ కంటే స్టీఫెన్ కింగ్ కథే నచ్చింది. వాళ్ళు కథ విన్నాకే పరీక్ష బాగా చేశారు. అంటే మేలు చేసింది రాగం కాదు, ఇష్టం. నచ్చింది వింటే ఉత్సాహం వస్తుంది, ఉత్సాహంలో పని బాగా సాగుతుంది.

అయితే వినడం వృథాయేనా?

కానే కాదు. 2008లో వెలువడిన ఫిన్లండ్ అధ్యయనంలో, పక్షవాతం వచ్చినవాళ్ళు తమకు నచ్చిన సంగీతం రెండు నెలలు రోజూ విన్నారు. మాటల జ్ఞాపకం, ఏకాగ్రత వాళ్ళలో మిగతావారికంటే బాగా కోలుకున్నాయి.

నేర్చుకుంటే?

2004లో షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ళ పిల్లలను పరిశీలించారు. ఏడాది సంగీతం నేర్చినవాళ్ళ తెలివి కొలతలు మిగతావారికంటే కొద్దిగా ఎక్కువ పెరిగాయి. మీకు దగ్గర్లోనే, ఎవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నీనా క్రౌస్ బృందం 2014లో మరొకటి గమనించింది: రెండేళ్ళు సాధన చేసిన పిల్లల మెదడు దగ్గరదగ్గరగా వినిపించే మాటల ధ్వనులను మరింత స్పష్టంగా వేరుచేసింది. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడే పిల్లను చూడండి. చెవి శ్రుతి మీద, చెయ్యి తాళం మీద, మనసు తర్వాతి స్వరం మీద ఉంటాయి. వింటూ కూర్చుంటే ఇంత శ్రమ ఉండదు.

ఎలా మొదలుపెట్టాలి?

పిల్లలకు నచ్చిన కీర్తన ఒకటి ఎంచి, వాళ్ళతో కలిసి వినండి, తాళం వేయించండి. ఆసక్తి కనిపిస్తే గురువు దగ్గర చేర్చండి. లెక్కల్లో మార్కులు కావాలంటే లెక్కలే చేయించాలి. సంగీతాన్ని సంగీతం కోసమే నేర్పండి. జీవితాంతం తోడుండే ఆనందం కంటే పెద్ద లాభం పిల్లలకు ఇంకేం కావాలి?