విజయపురి నీట మునిగినది ఎందుకు? మిగిలినది ఎట్లు?

క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులకు రాజధానియై, చుట్టును కొండలు కోటగోడలవలె కాపుండగా కృష్ణాతీరమున విలసిల్లిన విజయపురి, నేడు నాగార్జునసాగర జలాశయగర్భమున ఏల ఉన్నది? 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆనకట్ట పూర్తియై నీరు నిలిచినచో ఆ లోయ మునుగక తప్పదు. బీడుపొలములకు నీరును కావలయును, పూర్వుల నగరమును దక్కవలయును.

అందుచే పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు లోయను విస్తృతముగ త్రవ్వి, ముఖ్యకట్టడములను విడదీసి, కొన్నింటిని ఆ లోయలోని నాగార్జునకొండ శిఖరమునను, కొన్నింటిని ఒడ్డుననున్న అనుపువద్దను మరల నిలిపిరి. ఎంత ఓర్పుగల పని! నీరు పెరిగినకొలది ఆ కొండయే ద్వీపమైనది. నలువైపుల మెట్లవరుసలుగల ప్రాచీన క్రీడాప్రాంగణమును అనుపులో నేడును చూడవచ్చును.

విజయపురిలోని బౌద్ధస్తూపమగు మహాచైత్యపు ఆయకస్తంభములపై (స్తూపవేదికలపై నిలిపిన కంబములపై), ఇక్ష్వాకు రాజగు చాంతమూలుని సోదరి చాంతిసిరి చేసిన దానము ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కబడినది.