ఇంట్లో ఫోన్ ఉంది సరే... అమ్మ చేతిలో ఉందా?

బందరులో గానీ, గుడివాడలో గానీ, దివిసీమలో గానీ ఏ ఇంటికెళ్ళి "మీకు ఫోన్ ఉందా?" అని అడిగినా "ఎందుకు లేదూ, ఉంది" అంటారు. నిజమే, ఉంది. కానీ ఎవరి చేతిలో ఉంది? డిజిటల్ టెక్నాలజీ, స్త్రీ పురుష సమానత్వం మీద జరిగే పరిశోధనలో చాలా భాగం ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత మన రాష్ట్రంలో 2019లో జరిగింది. "ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా?" అని అడిగితే, అవునన్న మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. రోజూ వాడతారా అని కాదండీ, ఒక్కసారైనా వాడారా అని! తాము వాడుకునే ఫోన్ ఉందన్న ఆడవాళ్ళు 48.9 శాతం. అంటే సగం కూడా కాదు. అప్పటికి జియో వచ్చి మూడేళ్ళు.

"అది పాత లెక్క కదా" అంటారేమో. జీఎస్ఎమ్ఏ సంస్థ 2023 లెక్కలు చూడండి. దక్షిణాసియాలో మగవాళ్ళతో పోలిస్తే మొబైల్ ఇంటర్నెట్ వాడే ఆడవాళ్ళు 31 శాతం తక్కువ. తేడా తగ్గింది గానీ పోలేదు.

సరే, ఇంటికి ఒక ఫోన్ ఉంటే చాలదా? చాలదు. ఎందుకో చెప్తాను.

మొదటిది, సేవలు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" మొదలుపెట్టింది. సర్టిఫికెట్ల లాంటి పనులు వాట్సాప్‌లోనే అయిపోతాయి. మంచిదే. కానీ ఆమె ఆధార్‌కి, బ్యాంకు ఖాతాకి కొడుకు నంబరో, భర్త నంబరో ఇచ్చి ఉంటే ఓటీపీ వాళ్ళకే వస్తుంది. డబ్బు ఆమెది, తాళం ఇంకొకరి దగ్గర.

రెండోది, గుట్టు. ఒంట్లో బాగోకపోతే దాని గురించి వెతకాలన్నా, ఇంట్లో దెబ్బలు తింటూ 181కి ఫోన్ చెయ్యాలన్నా, అడిగి తీసుకున్న ఫోన్‌లో కుదురుతుందా? ఎవరికి చేసిందో లిస్టులో కనపడిపోతుంది కదా.

మూడోది ప్రాణం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేల మందిని మింగేసింది. ఇవాళ మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. తుఫాను హెచ్చరికలు ఫోన్లకే వస్తున్నాయి. అయితే ఆ ఫోన్ పనికెళ్ళిన మగమనిషి జేబులో ఉంటే, నాగాయలంక, కోడూరు తీరాన పిల్లలతో, ముసలివాళ్ళతో ఇంట్లో ఉన్న ఆవిడకి కబురు ఎవరు చెప్పాలి? పీతలు పట్టుకు బతికే యానాది కుటుంబాల్లాంటి చోట ఒక్క ఫోన్ కూడా భారమే. అక్కడ పేదరికం, ఆడ-మగ తేడా రెండూ కలిసి దెబ్బ కొడతాయి. సామాజిక న్యాయం అనేది ఇక్కడే వస్తుంది.

ఇంకో మాట. ఎవడో అమ్మాయికి పిచ్చి మెసేజ్ పెడితే, మన ఇళ్ళల్లో ముందు లాక్కునేది అమ్మాయి ఫోనే. తప్పు వాడిది, శిక్ష ఈమెకి. ఫోన్‌తో పాటు చదువు, ఉద్యోగం కబుర్లు కూడా ఆగిపోతాయి. ఇలా లాక్కుంటారన్న భయంతోనే చాలామంది అసలు సంగతి బయటికి చెప్పరు.

మరి మనమేం చెయ్యొచ్చు? ఇవాళ ఇంటికెళ్ళి అమ్మనో, అమ్మమ్మనో అడగండి: "నీ ఆధార్‌కి, బ్యాంకుకి ఎవరి నంబరుంది?" ఆమెకి సొంత నంబరుంటే దాన్ని ఆధార్ కేంద్రంలో, బ్యాంకులో ఎక్కించండి. పని మీరు చేసి పెట్టకండి, పక్కన కూర్చుని ఆమె చేతే చేయించండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, మీక్కూడా చెప్పొద్దని నేర్పండి.

ఇంటికి ఫోన్ వచ్చేసింది. ఇక మనిషికి రావాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.